వేగనార్ తర్వాత ఏ బండి? కలిగిరిలో ఓ ఇంటి లెక్క

మా ఇంట్లో నెల రోజుల పాటు ఒకటే పంచాయితీ. పొలం గురించి కాదు, పెళ్లి గురించి కాదు. బండి గురించి. 2010లో కొన్న వేగనార్‌కి పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ గడువు తీరిపోయే రోజు దగ్గరపడింది. ‘ఇంక దీన్ని పంపించేసి ఒక చిన్న ఎస్‌యూవీ తీసుకుందాం నాయనా’ అన్నాను. మా నాయన తింటున్న ముద్ద ఆపి నా వైపు చూశాడు.

‘‘ఏందబ్బయ్యా, దానికేమొచ్చింది ఇప్పుడు? తాళం తిప్పంగానే స్టార్టవతా ఉండాది గదా!’’

నిజమే. లక్షా ముప్పై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగినా ఆ బండి మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టిన రోజు ఒక్కటీ లేదు. మా పెద్దమ్మాయిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. పొగాకు వేలం రోజుల్లో నాయన తెల్లారకముందే వేలం కేంద్రానికి పోయిందీ అందులోనే. పెంచలకోనకీ, భైరవకోనకీ, ఉదయగిరిలో బంధువుల ఇళ్లకీ ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు. పైగా దాని నంబరు ఏపీ 26. ఆ రెండంకెలు చూస్తే చాలు, బెజవాడలో అయినా తిరుపతిలో అయినా ‘నెల్లూరోళ్లా సామీ?’ అని పలకరించేవాళ్లు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 మొదలుపెట్టాక ఆ ముచ్చట పోయింది. కొత్త బండి కొంటే మనది ఏ జిల్లానో నంబరు చెప్పదు. మా నాయనకి ఇది చిన్న విషయం కాదు.

రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. పదిహేనేళ్లు దాటిన కారుకి ఫిట్‌నెస్ చూపించి ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకునే వీలుంది. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఫీజుని రూ.600 నుంచి రూ.5,000కి పెంచారు. అది పెద్ద ఖర్చేమీ కాదు. కాబట్టి ‘గడువు అయిపోయింది, కొనక తప్పదు’ అని నేను చెప్పిన మాటలో సగమే నిజం. ఆ సంగతి మా నాయనకి తెలిసిపోయింది కూడా.

అసలు కారణం మా అమ్మ మోకాళ్లు. రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయింది. చూపించుకోవడానికి నెల్లూరు పోయి రావాలి. కలిగిరి నుంచి సంగం మీదుగా పోతే డెబ్బై కిలోమీటర్లకు అటూ ఇటూ. రెండో కారణం మా పాత బండిలో ఎయిర్‌బ్యాగులు లేకపోవడం. అప్పట్లో కింది మోడల్ కొన్నాం. ఆ రోజుల్లో అది ఎవరూ అడిగే ప్రశ్నే కాదు. డ్రైవర్ ఎయిర్‌బ్యాగు దేశంలో తప్పనిసరి అయింది 2019లో. పక్క సీటుకి ఆ తర్వాత మరి కొన్నేళ్లకు. రాత్రిపూట హైవే మీద లారీల మధ్య, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు నిద్రపోతుండగా ఆ బండి నడపడం ఈమధ్య నా వల్ల కావడం లేదు.

ఎస్‌యూవీ అనే పేరు వెనక

ముందు ఒక మాట. మనం ‘చిన్న ఎస్‌యూవీ’ అంటున్నవాటిలో చాలావరకు కొండలెక్కే బండ్లు కావు. ఇంజను బలం ముందు చక్రాలకే పోతుంది. నాలుగు చక్రాలకీ బలం కావాలంటే నాలుగు మీటర్ల లోపు మూడు తలుపుల థార్, జిమ్నీ లాంటివే దిక్కు. మిగతావన్నీ నిజం చెప్పాలంటే కాస్త ఎత్తు పెంచిన మామూలు కార్లు. అందులో తప్పేం లేదు. మనకి కావాల్సిందీ ఆ ఎత్తే.

మరి అన్నీ నాలుగు మీటర్ల లోపే ఎందుకు ఆగిపోతాయి? దీనికి సమాధానం ఇంజనీర్ల దగ్గర లేదు, బడ్జెట్‌లో ఉంది. 2006లో చిదంబరం ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారంటే ఏంటి? పొడవు 4,000 మిల్లీమీటర్లు మించకూడదు. పెట్రోలు ఇంజను 1,200 సీసీ, డీజిలు అయితే 1,500 సీసీ దాటకూడదు. అప్పటినుంచి కంపెనీలన్నీ టేపు పట్టుకుని కార్లు గీశాయి. డిజైర్ 2012లో డిక్కీ కత్తిరించుకుని 3,995 మిల్లీమీటర్లకు వచ్చింది ఇందుకే. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఇదే కొలతలో ఎత్తయిన బండి తెచ్చి జనాన్ని ఊపేసింది. 2016లో బ్రెజా, 2017లో నెక్సాన్, 2019లో ఎక్స్‌యూవీ 300, వెన్యూ, 2020లో సోనెట్, మాగ్నైట్, 2021లో కైగర్, పంచ్, 2023లో ఫ్రాంక్స్, ఎక్స్‌టర్... సంత నిండిపోయింది. ఇందులో సోనెట్ మన రాష్ట్రంలోనే, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారవుతుంది.

ఈ కొలత ఇప్పుడు ఇంకా ముఖ్యం. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది కదా. నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు కారుకి అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం పన్ను. ఇప్పుడు 18. డీజిలుకి 31 ఉండేది, అదీ 18కి దిగింది. పన్ను లేకుండా ఎనిమిది లక్షలున్న పెట్రోలు బండిని లెక్కేసి చూడండి. ముందు 10 లక్షల 32 వేలు, ఇప్పుడు 9 లక్షల 44 వేలు. అంటే 88 వేలు మిగులు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. బ్రెజా పొడవు 3,995 మిల్లీమీటర్లే. కానీ దాని పెట్రోలు ఇంజను 1,462 సీసీ. పొడవులో చిన్న కారు, ఇంజనులో పెద్ద కారు. కాబట్టి అది 40 శాతం పన్నులోకి పోయింది. అంతకుముందు 45 శాతం ఉండేది కాబట్టి ధర తగ్గింది గానీ, పక్కవాటికి తగ్గినట్టు కాదు. షోరూములో ‘జీఎస్టీ తగ్గింది సార్’ అంటే, ఏ బండికి ఎంత తగ్గిందని అడగండి.

ఎత్తు సంగతి మా అమ్మ తేల్చింది

నేను కాగితం మీద అన్నీ రాసుకున్నాను. నేల నుంచి బండి అడుగుకి ఉన్న ఎత్తు పాత వేగనార్‌కి 165 మిల్లీమీటర్లు. నెక్సాన్‌కి 208, సోనెట్‌కి 205, బ్రెజాకి 198, పంచ్‌కి 187, ఎక్స్‌టర్‌కి 185. ఎంత ఎక్కువైతే అంత మంచిదని నా లెక్క. మా తోట దారిలో ట్రాక్టరు తిరిగి తిరిగి మధ్యలో గట్టు లేచి ఉంటుంది. ఐదుగురం ఎక్కి, డిక్కీలో రెండు బస్తాలు వేస్తే వేగనార్ అడుగు ఆ గట్టుకి రాసుకుంటుంది. కంపెనీ చెప్పే ఎత్తు ఎక్కువగా ఖాళీ బండిది. మనం ఎక్కాక అది తగ్గుతుంది. అందుకే నా ఓటు పెద్ద అంకెకి.

అందరం కలిసి ఒక ఆదివారం నెల్లూరు పోయాం. మొదటి షోరూములో అమ్మని ఎత్తయిన బండి వెనక సీట్లో కూర్చోబెట్టాను. కూర్చోవడం కాదు, ఎక్కడమే గండమైంది. చీర కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని, కాలు గడప దాటించడానికి మూడుసార్లు ప్రయత్నించింది. ‘‘నిచ్చెన తెచ్చుకోవాల్నేమో రా’’ అని నవ్వింది గానీ ముఖంలో నొప్పి కనిపించింది. దిగడం ఇంకా కష్టం. అప్పుడర్థమైంది. వేగనార్‌ని మేమంతా ఇష్టపడింది ఎందుకో ఇన్నాళ్లూ మాకే తెలియదు. దాని సీటు సరిగ్గా కుర్చీ ఎత్తులో ఉంటుంది. వంగి దూరాల్సిన పని లేదు, ఎక్కాల్సిన పనీ లేదు. వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు లోపల పెట్టుకోవడమే.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే చూడాల్సింది బండి అడుగు ఎత్తు కాదు. సీటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, తలుపు కింది గడప ఎంత వెడల్పుంది, తలుపు ఎంతవరకు తెరుచుకుంటుంది అన్న మూడూ చూడాలి. ఇవి ఏ యూట్యూబ్ వీడియోలోనూ సరిగా చెప్పరు. మనిషిని తీసుకుపోయి కూర్చోబెట్టడమే దారి. అది కూడా ఒకసారి కాదు. ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి. సేల్స్ కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనీండి. మనం ఇచ్చేది పది లక్షలు.

వెనక కిటికీ కూడా చూడండి. ఈమధ్య బండ్లకి అందం కోసం వెనక కిటికీని పైకి లాగి సన్నగా చేస్తున్నారు. మా చిన్నోడికి కడుపులో తిప్పుతుంది. వాడికి బయట కనిపించాలి. ఒక బండిలో వాడు కూర్చుంటే కనిపించింది ముందు సీటు వీపు మాత్రమే.

పెట్రోలా, డీజిలా

మా నాయనకి డీజిలు మీద మమకారం. ట్రాక్టరు తోలిన చెయ్యి. ‘‘లాగుడంటే డీజిలుదే’’ అంటాడు. ఈ తరగతిలో డీజిలు ఇంకా నెక్సాన్, సోనెట్, వెన్యూ, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ లాంటి కొన్నింటికే ఉంది. మారుతి 2020లో బీఎస్-6 వచ్చినప్పుడే డీజిలు మానేసింది.

మేం ఏడాదికి తిరిగేది తొమ్మిది వేల కిలోమీటర్లు. పెట్రోలు లీటరు రూ.110, మైలేజీ 16 అనుకుంటే ఏడాదికి సుమారు 62 వేలు. డీజిలు రూ.97, మైలేజీ 22 అనుకుంటే 40 వేలు. తేడా 22 వేలు. కొనేటప్పుడు డీజిలు బండికి లక్షన్నర దాకా ఎక్కువ పెడితే, ఆ డబ్బు తిరిగి రావడానికి ఆరేడేళ్లు. ఇంకో సంగతి. కొత్త డీజిలు బండ్లకి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది వేడెక్కి శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే మీద కాసేపు వేగంగా నడపాలి. ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి తోటకి రెండు మూడు కిలోమీటర్లు తిరిగే బండికి ఆ ఫిల్టరు మూసుకుపోయి దీపం వెలుగుతుంది. ఏడాదికి పదిహేను, ఇరవై వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లకి డీజిలు. మాకు కాదు. నాయన ఒప్పుకోలేదు గానీ కాదనలేదు.

సీఎన్‌జీ చవకే. బంకు మీరు రోజూ పోయే దారిలో ఉంటేనే ఆలోచించండి. గ్యాసు కోసం ముప్పై కిలోమీటర్లు పోతే మిగిలేదేముంది? ఒకే పెద్ద సిలిండరు ఉన్న బండి అయితే డిక్కీ మొత్తం పోతుంది. రెండు చిన్న సిలిండర్లని అడుగున అమర్చి కొంత డిక్కీ మిగిల్చే పద్ధతి టాటా, హ్యుందాయ్ తెచ్చాయి. ఎలక్ట్రిక్ గురించి మా తమ్ముడు హైదరాబాద్ నుంచి రోజూ ఫోన్ చేశాడు. నెల్లూరు పోయి రావడానికి 150 కిలోమీటర్లు, ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుందన్నాడు. లెక్క తప్పు కాదు. కానీ తుపాను రోజున కరెంటు పోయి, అదే రాత్రి అమ్మని ఆస్పత్రికి తీసుకుపోవాల్సి వస్తే? ఇంట్లో రెండో బండి ఉన్నవాళ్లకి అది బాగుంటుంది. మాకున్నది ఒక్కటే.

తుపాను అన్నాను కాబట్టి చెప్పాలి. మన వైపు వానలు కార్తీకంలో కుమ్ముతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద హైవేనే కోసుకుపోయింది. ఆ రోజుల్లో ‘మనది ఎత్తు బండి, ఏం కాదు’ అని వాగులో దించినవాళ్లున్నారు. 200 మిల్లీమీటర్లంటే మూర కూడా కాదు, జానెడు లోతు. పారే నీళ్లు బండిని పక్కకి నెడతాయి. ఇంజను గాలి పీల్చే చోటికి నీళ్లు చేరితే ఇంజను అక్కడికక్కడే పోతుంది. ఆ ఎత్తు గుంతల కోసం, వాగుల కోసం కాదు.

నక్షత్రాలు, బ్యాగులు

రక్షణ మీద మా ఇంట్లో వాదన లేదు. కానీ గందరగోళం ఉంది. 2018 డిసెంబరులో నెక్సాన్ గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. మన దేశంలో తయారైన బండికి అది మొదటిసారి. తర్వాత 2020లో ఎక్స్‌యూవీ 300, 2021లో పంచ్ పెద్దవాళ్ల రక్షణలో ఐదు తెచ్చుకున్నాయి. 2023లో మన సొంత భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. అందులో ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ, స్కోడా కైలాక్ ఐదు సాధించాయి.

నక్షత్రం వేరు, ఎయిర్‌బ్యాగుల సంఖ్య వేరు. ఎక్స్‌టర్‌లో కింది మోడల్ నుంచీ ఆరు ఎయిర్‌బ్యాగులు. మేం చూసినప్పుడు పంచ్ పెట్రోలులో రెండే. మరి పంచ్‌కి ఐదు నక్షత్రాలెలా? గుద్దుకున్నప్పుడు మనుషులు కూర్చునే గది నలగకుండా నిలబడిందా లేదా అన్నది నక్షత్రంలో పెద్ద భాగం. గది నలిగిపోతే బ్యాగులు ఎన్నున్నా లాభం తక్కువ. గది గట్టిగా ఉండి బ్యాగులూ ఎక్కువుంటే ఇంకా మంచిది. మన బడ్జెట్‌లో రెండూ ఎప్పుడూ దొరకవు.

ఇవన్నీ బెల్టు పెట్టుకుంటేనే. 2022 సెప్టెంబరులో సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కారులో, వెనక సీట్లో, బెల్టు లేకుండా. మా అమ్మ వెనక బెల్టు పెట్టుకోదు. ‘‘ఊపిరాడదు’’ అంటుంది. అందుకే ప్రతి బండిలో బెల్టు పెట్టి చూపించాం. కొన్నిట్లో అది మెడకి కోసుకుంటుంది, కొన్నిట్లో భుజం మీద సరిగ్గా కూర్చుంటుంది. మనిషి ఎత్తుని బట్టి ఉంటుంది ఇది.

డబ్బు ఏటా వస్తుంది, కిస్తీ నెలనెలా వస్తుంది

అసలు గొడవ ఇక్కడ. ఉద్యోగస్తుడికి జీతం నెలనెలా పడుతుంది. పొగాకు, బత్తాయి నమ్ముకున్న ఇంటికి డబ్బు ఒకసారే వస్తుంది. అది కూడా వేలంలో పలికిన ధరని బట్టి. ఆరు లక్షలు అప్పు తీసుకుంటే, తొమ్మిది శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెలకి సుమారు 12,450. వడ్డీ మొత్తం లక్షా 47 వేలు. ఏడేళ్లయితే నెలకి 9,650, వడ్డీ రెండు లక్షల పదకొండు వేలు. షోరూములో ‘తొమ్మిది వేల చిల్లరే సార్’ అని ఏడేళ్లది చూపిస్తారు. ఆ చిల్లర వెనక 64 వేలు ఎక్కువ కడుతున్నామని చెప్పరు.

మా నాయన ఒక దారి చెప్పాడు. చదువుకున్న నాకు తట్టనిది. ‘‘ఏడేళ్లకి తీసుకో. పంట డబ్బు రాంగానే ఏటా ఒక ముద్దగా అసలుకి కట్టేద్దాం. బాగాలేని సంవత్సరం చిన్న కిస్తీతో గట్టెక్కుతాం.’’ బాగుంది కదా. కాకపోతే ముందే కట్టినందుకు జరిమానా వేస్తారా, ఏడాదికి ఎన్నిసార్లు అలా కట్టనిస్తారు అన్నవి సంతకం పెట్టకముందే కాగితం మీద అడగాలి. రెండు బ్యాంకుల్లో రెండు రకాల జవాబులొచ్చాయి.

ఆన్‌రోడ్ ధర కాగితం కూడా వరుస వరుస చదవండి. ఒకచోట మాకిచ్చిన కాగితంలో లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు పోను ‘హ్యాండ్లింగ్’ అని, ‘ఎసెన్షియల్ కిట్’ అని రెండు వరుసలున్నాయి. ఏంటవి అని అడిగితే, కొట్టేసి కొత్త కాగితం ఇచ్చారు. పద్దెనిమిది వేలు తగ్గింది. ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే తీసుకోవాలని రూలు లేదు. బయట అడిగి ఆ ధర చూపిస్తే వీళ్లూ దిగుతారు.

సర్వీసు సెంటరు ఎంత దూరంలో ఉందో కూడా లెక్కలో వేసుకోండి. ఎకోస్పోర్ట్‌తో ఈ సంతనంతా తెరిచిన ఫోర్డ్ 2021లో మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తామని ప్రకటించింది. బండి మంచిదే, కంపెనీ పెద్దదే. అయినా అంతే. మా వైపు నలభై కిలోమీటర్లలో కావలి, డెబ్బైలో నెల్లూరు. ఆ రెంటిలో పని జరగని బండిని నేను జాబితాలోంచి తీసేశాను, ఎంత నచ్చినా.

చివరికి మిగిలినవి మూడు. నాకు నెక్సాన్ మీద మనసు. నా భార్యకి ఎక్స్‌టర్, ఆరు బ్యాగులున్నాయని. అమ్మ అడ్డం తిరిగింది పంచ్ దగ్గర. దాని తలుపులు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి. గోడకి తలుపు ఆనించినట్టు. అమ్మ వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్లు లోపల పెట్టుకుని, బెల్టు తనే లాక్కుంది. ‘‘ఇది మన పాతదాని మాదిరే ఉండాది’’ అంది. రెండోసారి ఎక్కమంటే చెయ్యి పట్టుకోనివ్వలేదు.

దానికీ లోపాలున్నాయి. వెనక ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి. ఐదుగురితో ఏసీ వేసి లారీని దాటాలంటే గేరు దించాలి, కాస్త ఓపిక పట్టాలి. బ్యాగులు రెండే అన్న గుచ్చు నాకింకా ఉంది. పది రోజులు ఆలోచించి దానికే అడ్వాన్సు కట్టాం.

వేగనార్‌ని ఎక్స్‌ఛేంజిలో ఇస్తే తొంభై వేలన్నారు. నాయన ఇవ్వనన్నాడు. రెన్యువల్‌కి ఐదు వేలు తనే కట్టి, ఫిట్‌నెస్ చేయించి, వింజమూరులో ఉన్న మా మేనత్త కొడుక్కి ఎనభైకి ఇచ్చాడు. ‘‘మనూళ్ల మధ్యనే తిరగతా ఉంటాది’’ అన్నాడు. ఇచ్చేముందు నీళ్లు పట్టి కడిగి, స్టెప్నీలో గాలి చూసి, డ్యాష్‌బోర్డు మీద ఉన్న పెంచల స్వామి పటం మాత్రం ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కొత్త బండి వచ్చేది వచ్చే వారం. పటం ఇప్పటికి బీరువా తాళాల పక్కన ఉంది.